అయిదో పేజీలోని పెట్టె

మూడో సమీకరణంలో ప్లస్‌ను మైనస్‌గా దిద్ది, నిబాల్దో చలికి కొంకర్లు పోయిన వేళ్ళను కట్టెల పొయ్యి వైపు చాపాడు. వల్దీవియా ఊళ్ళో నది ఒడ్డునున్న ఆ భౌతికశాస్త్ర సంస్థలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన పని ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టడం. పొట్టి మనిషి, మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటరు. చిన్నవాళ్ళంతా గౌరవంగా 'దొన్' అని పిలుస్తారు. రిటైరయ్యే రోజున కూడా ముగ్గురి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

సొంతంగా రాసింది ఒక్కటే వ్యాసం, ఇరవై ఆరేళ్ళ కిందట. కృష్ణబిలాన్ని పెట్టెలో పెట్టి మూసేస్తే ఏమవుతుందని. ఊహలో కట్టే పెట్టెకు ఖర్చేముంది! ఏ వస్తువైనా వేడి పోగొట్టుకుంటే చల్లబడుతుంది, కృష్ణబిలం మాత్రం ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఎంత చిన్న పెట్టెలోనూ అది కుదురుగా ఉండదని తేల్చాడు. ఆ వ్యాసాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఒక్కరైనా చదివారో లేదో తెలియకుండానే ఇంటికెళ్ళాలి కాబోలు అని పొద్దుటినుంచీ ఆయనకు దిగులుగా ఉంది.

అయిదింటికి, టీ వేళ, కొత్త పరిశోధకురాలు యస్నా ఆ వ్యాసం పట్టుకొచ్చింది. అంచుల నిండా పెన్సిల్ గీతలు.

"దొన్ నిబాల్దో, ఇవాళ చెప్పొచ్చో లేదోనని పొద్దుట్నించీ చస్తున్నా."

"చెప్పమ్మాయ్, నేనేం కరుస్తానా?"

"రెండో పేజీలో పెట్టె మూసేశారు. వేడి రాదు, పోదు. అయిదో పేజీలో గోడల వేడి మారకూడదన్నారు. మారకుండా ఉండాలంటే బయట్నించి ఎవరో వేడి అందిస్తుండాలిగా? మీ పెట్టె తలుపు తీసే ఉంది."

ఆయన ముఖం పాలిపోయింది. లెక్క మళ్ళీ వేశాడు. పెట్టె నిజంగా మూసి, చిన్నదైతే, బిలం వేడెక్కేదానికంటే పెట్టె లోపల ఎక్కువ వేడెక్కి, వదిలిన వేడి తిరిగి బిలానికే చేరుతుంది.

"అయితే కుదురుకుంటుందే!"

"కోపం రాలేదా?"

"పిచ్చిపిల్లా, అయిదో పేజీదాకా చదివావు! ఇరవై ఆరేళ్ళలో నువ్వే మొదటిదానివి." కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "ఈ తప్పు నీ వ్యాసంలో పెట్టు. నా పేరుతో సహా."

ఆమె మీద పుట్టిన కృతజ్ఞత ఆయన గుండెలో పట్టలేదు. టీకి చేరిన అందరి చేతులూ పట్టుకుని ఊపాడు, వీడ్కోలు కేకు రెండు ముక్కలు తిన్నాడు. యస్నా కొత్త లెక్కలోంచి తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆయన జోరువానలో, ఈల వేసుకుంటూ, వంతెన వైపు నడిచిపోతున్నాడు.

తలుపు పక్కన గోడకు చేరగిలి ఆయన గొడుగు, నాడా కూడా విప్పకుండా.