పద్నాలుగో ఇల్లు

మా పేటలో నన్ను అందరూ మాస్టారనే పిలుస్తారు. ప్రకాశరావు అనే పేరు నాకుందని మా ఆవిడ ఆనందమ్మకైనా గుర్తుందో లేదో. మాస్టారన్న పిలుపు వల్ల గౌరవం వచ్చిన మాట నిజమే. దాంతోపాటు ఒక చిక్కూ వచ్చింది. నేను లెక్క చెబితే, అది సరో కాదో మళ్ళీ చూసేవాళ్ళు లేకుండా పోయారు.

అడవిపొలం ఊళ్ళో మా పేట అంతా ఒకటే వరస. పడమటి చివర చర్చి, తూర్పు చివర కాలవ, మధ్యలో చూరుకి చూరు ఆనుకుని ఇరవై ఎనిమిది తాటాకిళ్ళు. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అనేవారు. చర్చికి మాత్రం పెంకుల కప్పు. చర్చి వెనక బీడు, బీడు నిండా నిలువెత్తు రెల్లు.

ఎనభై నాలుగు వేసవిలో కాలవ అవతల ఒక పేట గంటలో బూడిదైంది. మేమంతా చూడ్డానికి వెళ్ళాం. తన ఇల్లు ఉన్నచోట రోలు ఒక్కటే మిగిలితే, ఒక ముసలాయన దానిమీద కూర్చుని వచ్చినవాళ్ళకి దారి చెబుతున్నాడు. ఏడవడం లేదు. అది చూసి మాకు నిజంగా భయం వేసింది.

మరుసటేడు ఫిబ్రవరిలో యానాం నుంచి లూయిస్ వచ్చాడు. ఫైరింజను మీద పనిచేసేవాడు. ఆరాధన అయ్యాక చర్చిలోనే నిలబడి మాట్లాడాడు.

"ఇల్లు అంటుకున్నాక నుయ్యి తవ్వితే లాభం లేదండి. ఇప్పుడే చెయ్యాలి. వేసంకాలం పది దాటితే పడమటి గాలి లేస్తది. తొమ్మిదింటికల్లా పొయ్యిలు ఆర్పెయ్యండి, మళ్ళీ దీపాలేళకే ఎలిగించండి. ఇంటికో కుండ నీళ్ళు, ఓ కుండ ఇసక చూరు కింద ఉండాలి. కప్పు లాగడానికి కొక్కేలున్న గెడలు నాలుగు చేయించండి. బీడులో రెల్లు ఇళ్ళ వైపు యాభై గజాలు కోసెయ్యండి."

అన్నిటికీ అందరూ తలలూపారు.

"ఇంకోటండి. వరస మధ్యలో ఒక ఇల్లు తీసెయ్యాలి. నిప్పుకి తినడానికేం దొరకని చోటు ఒకటుండాలి. లేదంటే ఈ చివర అంటుకున్నది ఆ చివరిదాకా ఆగదు."

ఊపుతున్న తలలు ఆగిపోయాయి. పొయ్యి ఆర్పమంటే ఎవరైనా ఆర్పుతారు. ఇల్లు తీసెయ్యమంటే ఎవరు తీస్తారు? సంఘపెద్ద యోహాను నావైపు తిరిగి, "మధ్యది ఏదవుద్దో మీరే లెక్కేసి చెప్పండి మాస్టారూ" అన్నాడు.

ఇరవై ఎనిమిదికి మధ్యది ఒకటి ఉండదు, రెండుంటాయి. ఈ సంగతి మూడో తరగతి పిల్లలకీ తెలుసు. చర్చి వైపునుంచి లెక్కపెడితే పద్నాలుగోది ఎస్తేరుది. కాలవ వైపునుంచి లెక్కపెడితే పద్నాలుగోది నాది. మా ఇళ్ళు పక్కపక్కనే. ఇదంతా నాకు లేచి నిలబడేలోపే తెలిసిపోయింది.

"మనం ఏ పనైనా దేవుని మందిరం దగ్గరే కదా మొదలుపెడతాం. చర్చి నుంచే లెక్కపెడదాం" అన్నాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు. యోహాను "ఆమేన్" అన్నాడు.

ఎస్తేరు ఆడవాళ్ళ వైపు చివర కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి. ఊడుపులకీ కోతలకీ వెళ్ళేది. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. ఆ ఇంటి అరుగు అతను కట్టిందే. ఇంటికి కొత్త తాటాకు నేయించి ఇంకా నెల కాలేదు.

"పద్నాలుగోది నాదేనాండి?" అని అడిగింది.

"అవునక్కా."

వేళ్ళు ముడుచుకుంటూ తనలో తను ఏదో లెక్కపెట్టుకుంది. నా ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత "సరేనండి" అంది.

వారంలో ఇల్లు విప్పారు. చర్చి వెనక, బీడు అంచున ఆవిడకి జాగా చూపించి, అందరూ కలిసి చిన్న పాక వేసిచ్చారు. నేనూ రెండు రాటలు మోశాను. అవి మోసినందుకు ఆ రాత్రి నాకు బాగానే నిద్రపట్టింది.

తొమ్మిదింటికి చర్చి గంట కొట్టేవాళ్ళం. ఆదివారం గంటకి రానివాళ్ళు కూడా ఈ గంటకి పొయ్యిలో నీళ్ళు చల్లేవారు. మధ్యాహ్నం ఇంటింటా చల్లన్నం తిని, లూయిస్‌ని తిట్టుకునేవారు. ఎస్తేరు మాత్రం రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని తన పాత జాగాకి వచ్చేది. ఇల్లున్నప్పుడు వాకిలినైనా అంత శ్రద్ధగా ఊడ్చి ఎరగదు. ఎండుటాకు ఒక్కటి కనిపించినా ఏరి పారేసేది. మా ఆనందమ్మ వడియాలు ఎండబెడదామని అక్కడ చాప పరిస్తే, చాప చుట్టి మా అరుగు మీద పెట్టి వెళ్ళింది. మా వరసలోని ఇస్సాకు ఒక పూట గడ్డిబండి అక్కడ నిలిపితే తనే కాడి పట్టుకుని అవతలికి లాగేసింది.

"నీ సొంత జాగా అయినట్టు చేత్తున్నావేంటి పిన్నీ?" అని అతను ఎగిరాడు.

"నాదేరా! ఇక్కడ నేనే లేనప్పుడు నీ బండెందుకురా?"

ఇస్సాకు బండి తోలుకుని పోయాడు.

ఆ వేసవిలో ఎక్కడా నిప్పు లేవలేదు. జాగ్రత్తపడటంలో ఉన్న చిక్కే అది. ఫలించిందని చూపించడానికి ఏమీ మిగలదు. "అనవసరంగా ఓ ఇల్లు పీకించారు" అన్నారు కొందరు. నేను కూడా కాదనలేదు.

రెండో ఏడు వచ్చేసరికి గంట తొమ్మిదిన్నరకీ పదికీ మోగేది. రెల్లు మాత్రం లూయిస్ చెప్పినట్టే కోశాం. కానీ కోసిన రెల్లు ఎవరు పారేస్తారు? కప్పుకి పనికొస్తుంది. మోపులు కట్టి, చర్చి వెనక గోడకి ఆనించి పేర్చాం. అంటే బీడులో ఉన్న నిప్పు తిండిని కోసి తెచ్చి మా గుమ్మంలో పెట్టుకున్నామన్నమాట. అంత పని చేసి, రెల్లు కోసేశాం కదా అని ధీమాగా తిరిగాం.

ఎస్తేరు బడి దగ్గరికి వచ్చింది. "మాస్టారండీ, ఆ మోపులు నా చూరుకి జానెడు దూరంలో ఉన్నాయండి. అవి బీడులో ఉంటేనే నయం కదండీ. కాలవ అవతలికి మోయించండి."

"ఆదివారం అందరిలో చెబుతానక్కా."

ఆదివారాలు ఆరు వచ్చి వెళ్ళాయి. నేను చెప్పలేదు. ఆ మోపుల్లో ఎనిమిది నావి.

మే నెలలో ఎస్తేరుకి జ్వరం వచ్చింది. మూడు రోజులు ఖాళీజాగా వైపు రాలేదు. మా కప్పుకోసం తెప్పించిన తాటాకు పెట్టడానికి చోటు లేక, ఆవిడ చూడదు కదా అని ఖాళీలోనే దింపించాను. రేపు నేసేవాళ్ళు వస్తారు, ఒక్క పూటకే కదా అనుకున్నాను.

ఆ మర్నాడు పదకొండింటికి బీడులో నిప్పు లేచింది. ఎవరి బీడీయో, ఎవరు దేన్ని తగలబెట్టారో ఇప్పటికీ తెలియదు. కోసిన మేర దగ్గర అది కాసేపు తడబడింది. కానీ గాలి నిప్పురవ్వల్ని ఎగరేసి మోపుల మీద పడేసింది. ఇక అది ఆగలేదు. ముందు ఎస్తేరు పాక పోయింది. ఆ తర్వాత వరసలో మొదటి ఇల్లు, రెండోది, మూడోది. గెడలతో కప్పులు లాగుదామంటే నిప్పు మా చేతులకంటే ముందు ఉంది. ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ పశువుల్నీ కాలవ వైపు తోలేశారు. నేను మా కప్పెక్కి తడి గోనెలు పరుస్తున్నాను.

అప్పుడు ఎస్తేరు పరుగెత్తుకుంటూ ఖాళీలోకి వచ్చింది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఏమీ లేదు.

"అక్కా, నీ పాక!" అని అరిచాను.

"అది పోయిందండి! ఇక్కడ ఈ ఆకులేంటండి!"

అప్పటికే పై ఆకులు రెండు అంటుకున్నాయి. ఆవిడ వాటిని ఉత్త చేతులతో పట్టుకుని కాలుతున్న వైపుకి విసిరింది. మిగిలిన కట్టలు లాగడం మొదలుపెట్టింది. నేను దూకాను, ఇస్సాకు వచ్చాడు, ముగ్గురం కలిసి ఆఖరి కట్ట లాగేసరికి పదమూడో ఇల్లు కూలింది. మంట మా వైపు వంగింది. దానికింద ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు. మళ్ళీ వంగింది. మా కప్పు మీద పడ్డ రవ్వల్ని తడి గోనెలు తినేశాయి. మూడోసారి అది వంగలేదు.

పదమూడు ఇళ్ళూ, ఎస్తేరు పాకా పోయాయి. పద్నాలుగు ఇళ్ళు నిలిచాయి. వాటిలో మొదటిది నాది. మనుషులకి ప్రాణహాని లేదు. ఫైరింజను వచ్చి మిగతా నిప్పంతా ఆర్పింది. లూయిస్ ఎస్తేరుని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, రెండు చేతులకీ కట్లతో తీసుకొచ్చాడు.

సాయంత్రం మా అరుగు మీద ఆనందమ్మ ఆవిడకి చెంచాతో గంజి పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని పిల్లలకి ఎన్నిసార్లు సామెత చెప్పానో. నా ఆకులు పట్టుకుని ఆవిడ చేతులు కాలాయి.

"అక్కా, ఆ తాటాకు నాది" అన్నాను.

"తెలుసండి."

"మోపుల్లోనూ ఎనిమిది నావి."

"అదీ తెలుసండి." గంజి మింగింది. "నాకు అక్షరాలు రావుగానీ లెక్కలొచ్చండి మాస్టారూ. ఊడుపుల్లో నారుకట్టలు లెక్కెట్టేది నేనేనండి. ఆవేళే లెక్కెట్టాను. కాలవ కాణ్ణుంచయితే పద్నాలుగోది మీదేనండి."

గంజి చెంచా ఆనందమ్మ చేతిలో ఆగిపోయింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే దెబ్బలాటయ్యేదండి. మీరొక వైపు, నేనొక వైపు. ఆకరికి ఏ ఇల్లూ తీసేవోరు కాదు. ఆ రోలు మీద ముసలాయన్ని చూసొచ్చాక నాకు నిద్దర లేదండి. ఎవరిదో ఒకరిది తియ్యాలి కదండి మరి."

సిగ్గుతో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదహారేళ్ళుగా పిల్లలకి కూడికలూ తీసివేతలూ చెబుతున్నాను. తీసివేత అంటే ఏమిటో ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు.

మరుసటి ఆదివారం చర్చిలో మళ్ళీ కూర్చున్నాం. గోడలింకా పొగ వాసన కొడుతున్నాయి. ఖాళీ పేటని నిలబెట్టింది కాబట్టి దాన్ని అక్కడే ఉంచి, కాలిన ఇళ్ళు కాస్త ఎడంగా కట్టుకుందాం అన్నాడు యోహాను. ఎస్తేరుకి ఎక్కడో ఒకచోట మళ్ళీ పాక వేసిద్దాం అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేను లేచాను. ఈసారి గొంతు వణికింది.

"కిందటేడు నేను లెక్క ఒక పక్క నుంచే పెట్టాను. రెండో పక్క నుంచి పెడితే నా ఇల్లు వస్తుందని తెలిసే అలా పెట్టాను. ఈసారి కాలవ నుంచి లెక్కపెట్టండి. ఎస్తేరక్క జాగా ఎస్తేరక్కకి ఇచ్చెయ్యండి."

ఆడవాళ్ళ వైపునుంచి ఆనందమ్మ చూసిన చూపుకి మిగిలిన పద్నాలుగిళ్ళూ అంటుకోవాల్సిందే. కానీ ఇంటికి వచ్చాక ఒక్క మాటా అనకుండా సామాను సర్దడం మొదలుపెట్టింది. ఆవేళ ఎస్తేరుకి గంజి పట్టిన చెయ్యి అదే కదా.

మా ఇంటి కప్పుని అవే కొక్కేలతో లాగారు. మేము చర్చి వెనకకి మారాం. అక్కడిప్పుడు మోపులు లేవు, రెల్లు కోసిన రోజే కాలవ దాటిపోతుంది. ఎస్తేరు పాత జాగాలోనే ఇల్లు కట్టుకుంది, కొత్త అరుగు వేయించుకుంది. ఖాళీ ఒక ఇల్లు పక్కకి జరిగింది, అంతే.

రోజూ పొద్దున్న బడికి వెళ్ళేముందు చీపురు పట్టుకుని ఆ ఖాళీకి వెళతాను. ఎస్తేరు అరుగు మీద కూర్చుని, సరిగ్గా ముడవని వేళ్ళతో గంజి గ్లాసు పట్టుకుని చూస్తుంటుంది. నేను ఊడవడం అయిపోయి నడుము ఎత్తేసరికి, గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపుతుంది.

"మాస్టారండీ, ఆ మూల పుల్లోటి ఒగ్గేశారండి."