ఎదుటి వరుస

సిస్టర్ ఫెలిసితాస్‌ను పాతిపెట్టిన మర్నాడు, సాయంత్రం ప్రార్థనలో సిస్టర్ ఒట్టీలియా కీర్తన మొదటి పాదం పాడి, అలవాటుగా ఆగిపోయింది. ఎదుటి వరుస అందుకోవాలి కదా అని చూసింది. ఎదుటి వరుసలో ఎవరూ లేరు.

జర్మనీలోని ఆ మఠంలో కీర్తన అంటే ఇద్దరి పని. కుడి వరుస ఒక పాదం పాడితే ఎడమ వరుస తర్వాతి పాదం పాడాలి. ఒకప్పుడు రెండు వరుసలూ కన్యాస్త్రీలతో కిటకిటలాడేవి. ఊరంతా మఠాలూ కన్యావ్రతాలూ వద్దన్న లూథర్ బోధ వైపు తిరిగాక కొందరు వెళ్లి పెళ్లిళ్లు చేసుకున్నారు, మిగిలినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. కొత్త పిల్లల్ని చేర్చుకోకూడదని నగరసభ ఎప్పుడో హుకుం జారీ చేసింది. చివరికి ఒట్టీలియా ఇటు, ఫెలిసితాస్ అటు. ఇప్పుడు ఫెలిసితాస్ కూడా లేదు.

రెండో పాదం కూడా తనే పాడుకుంది. అడిగిందీ తనే, జవాబు చెప్పిందీ తనే అన్నట్టుంది. అసలు మనసు ఒప్పలేదు.

రెండు రోజుల తర్వాత కునిగుండా వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసే మఠంలో చేరారు. ఇప్పుడామె ఊరి పాస్టరు గారి భార్య.

"ఏమే, తలుపు గడియ కూడా పెట్టుకోవా?"

"పెడితే నువ్వొచ్చినప్పుడు తియ్యడానికి ఎవరున్నారు? మళ్లీ నేనే లేవాలి."

కునిగుండా చేతిలోని కుండ బల్ల మీద పెట్టి మూత తీసింది. "కోడి చారు. వేడి మీద తాగు."

"ఇవాళ శుక్రవారం."

కునిగుండా నాలుక కరుచుకుంది. "మర్చిపోయానే. మా ఇంట్లో శుక్రవారం మాంసం వద్దనే పట్టింపు ఎప్పుడో పోయింది."

"నీకు ఇక్కడున్నప్పుడు మాత్రం ఉండేదా? వంటింట్లో సాసేజ్ కొట్టేశావు."

"సగం నువ్వే తిన్నావు."

"నేను పాపం ఒప్పుకున్నాను. నువ్వు పెళ్లి చేసుకున్నావు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక గది ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

"మా ఇంటికి వచ్చెయ్యి," అంది కునిగుండా. "పొయ్యి పక్క గది ఖాళీగా ఉంది. ఆయన ఏమీ అనరు. ఆదివారం ప్రసంగానికి వచ్చి వెనకాల కూర్చుంటే చాలు."

"నేను కదిలితే నగరసభ వాళ్లు దీన్ని ధాన్యం కొట్టు చేస్తారు. ఒక్కరున్నా మఠం మనదే, కదలొద్దని బిషప్ గారు కబురు పెట్టారు."

"నువ్వెప్పుడు పోతావా అని వీళ్లు చూస్తున్నారు, ఎన్నాళ్లుంటావా అని ఆయన చూస్తున్నారు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగారా?"

ఒట్టీలియా కుండ మీద మూత పెట్టేసింది. "ఒక్కటి అడుగుతాను. ఇవాళ ప్రార్థనకి అటు కూర్చో. ఒక్క కీర్తన చాలు. ఇంకేమీ వద్దు నాకు," అంది.

"ప్రార్థన గది కిటికీ చేపల బజారు వైపే ఉంది. పాస్టరు గారి పెళ్లాం మఠంలో పాడిందని రేపు ఊరంతా నా గురించే."

"మెల్లగా పాడు."

కునిగుండా గొణుక్కుంటూనే వెళ్లి ఎడమ వరుసలో తన పాత చోట కూర్చుంది. ఒట్టీలియా గొంతు సవరించుకుని మొదటి పాదం లాటిన్‌లో పాడి ఆగింది.

అటు నుంచి రెండో పాదం వచ్చింది. అదే రాగం, ఎక్కడా తప్పలేదు. వయసు మీద పడినా గొంతు వెచ్చగానే ఉంది. కానీ మాటలు జర్మన్‌వి. కునిగుండా ఇన్నేళ్లుగా తన చర్చిలో పాడుతున్నది అవే, పిల్లలకి నేర్పిందీ అవే.

ఒట్టీలియా మూడో పాదం అందుకుంటే సరిపోయేది. అందుకోవాలనే ఉంది. గుండె అటే లాగుతోంది. కానీ నోరు తెరిస్తే బయటికొచ్చింది మళ్లీ రెండో పాదమే, లాటిన్‌లో, కొత్తగా చేరిన పిల్లకి తప్పు దిద్దినట్టు.

కునిగుండా ఆమె వైపే చూసింది. "నాకు లాటిన్ రావట్లేదే. నిజంగానే. ఎంత ప్రయత్నించినా ఆ మాటలే నోట్లోకొస్తున్నాయి."

"అయితే ఊరికే కూర్చో."

"ఊరికే కూర్చోడానికి నేనెందుకు, ఆ బల్ల చాలదా? దేవుడికి రెండూ అర్థమవుతాయి, ఒట్టీలియా."

"ఆయనకి అర్థమవుతుంది. నేను మాటిచ్చింది మాత్రం లాటిన్‌లో."

కునిగుండా లేచి శాలువా సర్దుకుంది. వెళ్తూ ఒట్టీలియా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి వెళ్లిపోయింది. రాళ్ల బాట మీద ఆమె చెక్క చెప్పుల చప్పుడు వినపడినంతసేపూ ఒట్టీలియా పాడలేదు.

తర్వాత కీర్తన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఇటు పాదం పాడింది, అటు పాదం పాడింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ రోజు ప్రార్థన నియమం ప్రకారం పూర్తిగా జరిగింది. ఒక్క తప్పు కూడా దొర్లలేదు.