జంటగా నడచిన యాజ్ఞ

ఆషాఢమేఘములు నింగి నావరించి మధ్యాహ్నమునే మునిమాపుగా మార్చుచుండఁగా విశాఖపట్టణమున సముద్రాభిముఖమగు కొండపైనున్న పరిశోధనశాలయందలి గాజుకిటికీలు కడలిగాలికి గడగడ వడఁకుచుండెను. అందు మందాకిని యను నింజనీరు ఒక విచిత్రయంత్రము నెదుటఁ గూర్చుండి యుండెను. ఒక యాసుపత్రిలోని కంప్యూటర్లను వానిఁ గలుపు తీగలను మార్గమధ్యమునఁ గలుగు జాప్యములను సయితము తన గర్భముననే కల్పించి చూపుట యా యంత్రము పని. ఆ కల్పితమార్గములఁ బోవు ప్యాకెట్లను, అనఁగా సమాచారపు పొట్లములను, బట్టుకొని చూడఁగాఁ బ్రతిదియు అక్షరమైనను దప్పక రెండుమాఱులు తెరపైఁ బొడచూపుచుండెను. మనిషిలేని గదిలో నెవ్వరో తన మాటనే తిరిగి పలికినట్లామెకుఁ దోఁచెను.

అవి యూరక పోవు ప్యాకెట్లు గావు. నొప్పి నణఁచు మందును రోగి నరములోనికి విడువుమని యాసుపత్రికై సిద్ధమగుచున్న ప్రోగ్రాము పంపుయంత్రమునకుఁ జెప్పు నాజ్ఞలు. ఆజ్ఞ నిజముగా రెండుమాఱులు చేరెనేని మందును రెండింత లగును; అంత మందు శ్వాసనే యాపును. అనుమతి లభించినంతనే యా పంపును మొట్టమొదటఁ దగిలింపవలసిన రోగి పరిశోధనశాలాధిపతియగు గవరయ్యగారి యక్క.

అపుడే గదిలోనికి వచ్చిన గవరయ్య తెరను జూచి నవ్వెను.

"తాడుని చూసి పామంటే ఎలాగమ్మా? తీగలు కలిసే అన్ని గుమ్మాల దగ్గరా ఒకేసారి కాపు పెట్టావు. ప్యాకెట్టు ఈ గుమ్మం దాటినప్పుడోసారి, ఆ గుమ్మం దూరినప్పుడోసారి దొరుకుతోంది. జంటలు తుడిచెయ్యి. అక్క నొప్పికి తాళలేకపోతోంది."

ఆతఁడు చెప్పినది శాస్త్రసమ్మతమే. సత్యమైన సమాధాన మొకటి దొరకినచో మనుజుఁడు రెండవ ప్రశ్న వేయఁడు గదా! జంటలను దుడిచిన పిదపఁ జూచుట యచ్చటి వాడుకయు నగుటచే మందాకిని తుడిచెను. తెర నిర్మలమయ్యెను. గవరయ్య యాసుపత్రికి ఫోనుచేసి యనుమతి యొసంగెను.

ఐనను మందాకినికి మనసొప్పలేదు. ఒక్క గుమ్మమునందే కాపుంచి యేమియుఁ దుడువక మరలఁ జూచెను. రెండు గుమ్మములఁ జిక్కుటచేఁ గలిగిన నీడజంటలన్నియు మాయమయ్యెను. ఒక్కటి మాత్రము పోలేదు. మందు విడువుమను నాజ్ఞ ఆ యొక్క గుమ్మమునందే రెండుమాఱులు నడచిపోయెను. పంపు జవాబు జాగైనంతనే మొదటిది చేరలేదని భ్రమించి ప్రోగ్రాము దానిని మరలఁ బంపుచుండెను. ఆ నిజమైన జంటను నీడలతోఁ గలిపి తామే తుడిచివేసిరి.

"సార్, ఆపించండి!" అని యామె కేక వైచెను.

గవరయ్య ఫోను చేయఁగా నర్సు పలికెను.

"ఒక్కసారే నొక్కాను సార్. పంపు రెండుసార్లు కదిలింది. ఇదిగో, మీ అక్కగారు మాట్లాడతారంట."

"పీకెయ్యమ్మా! ముందు ఆ సూది పీకెయ్!" అని గవరయ్య యఱచెను. అప్పటికే ఫోను అక్కచేతికిఁ బోయి యుండెను.

"తమ్ముడా, నొప్పి పోయిందిరా. నిద్దరొస్తంది."

అక్కా యని గవరయ్య పిలుచుచునే యుండెను. ఆ కంఠము మాత్రము రెండవమాఱు వినరాలేదు.