ఇంకో టేకు

హెడ్‌ఫోన్ సర్దుకుని, పొట్ట మీద చెయ్యి ఆనించుకుని, ఆయన మైకు ముందు నిలబడ్డాడు. తెర మీద విలన్ నోరు తెరిచాడు. ఆయన నవ్వాడు. గాజు పలక అవతల సౌండ్ ఇంజనీరు వణికినట్టు నటించాడు.

ఏళ్ల తరబడి విలన్లకు గొంతు అరువిస్తున్నాడాయన. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే సారీ చెప్పే మనిషి. ఈ గదిలో మాత్రం మంత్రుల్ని గడగడలాడించేవాడు. హీరో నీతులు మొయ్యాలి, విలన్‌కు ఏ బరువూ లేదు. ఆ తేలికదనమంటే ఆయనకు ప్రాణం.

ఆ గొంతు కోసమే ఇంట్లో మాట పొదుపు. అరుపులున్న రోజుకు ముందూ వెనకా అంతా సైగలే. భార్య ఆ సైగలతోనే కాపురం నెట్టుకొచ్చింది. గుండెజబ్బుతో మంచం పట్టాక, ఈ ఉదయం మొదటిసారి అడిగింది.

"లోకాన్నంతా తిట్టొస్తారు. నాకు సైగలేనా? సాయంత్రం కాస్త మాట్లాడండి. తిట్టినా సరే."

ఆయన తల ఊపాడు.

ఇవాళ విలన్ చావుకేక. మొదటి టేకే కుదిరింది.

"చాలు గురువుగారూ, గొంతు దాచుకోండి," అన్నాడు ఇంజనీరు.

కానీ చస్తున్నవాడి కళ్లలో ఇంకా కాస్త పొగరు మిగిలి ఉంది. దాన్ని వదిలి రాబుద్ధి కాలేదు. ఇంకో టేకు తనే అడిగాడు. తర్వాత మరొకటి. చివరి కేకకు గొంతులో ఏదో చిరిగినట్టయింది. ఇంజనీరు లేచి చప్పట్లు కొట్టాడు. ఆ సంతోషంలో ఆయనకు భార్య గుర్తుకే రాలేదు.

ఇంటికి రాగానే, అంతసేపూ తోడున్న పక్కింటావిడ చప్పుడు చెయ్యకుండా తప్పుకుంది. ఆయన మంచం అంచున కూర్చుని భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పండి," అందామె.

నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

ఆమెకు అర్థమైంది. "బాగా చచ్చాడా మీవాడు?"

తల ఊపాడు.

"పోనీలెండి. రేపు చెబుదురుగాని." కళ్లు మూసుకుంది.

గోడ మీది ఎండ పోయేలోగా ఆమె చెయ్యి చల్లబడింది. పిలవడానికి గొంతు లేక, ఆయన గోడ మీద తట్టాడు.

పక్కింటావిడ వచ్చి, చాలాసేపు ఏడ్చి, మధ్యాహ్నం ఆయన భార్య పట్టుబట్టి తనచేత ఏం చేయించుకుందో చెప్పింది. అప్పుడు చూశాడాయన. మంచం తలాపున, దిండు వైపు తిప్పి వేసిన కుర్చీ, అందులో ఆమె తన నడుం కింద నుంచి తీయించి ఆయన కోసం పెట్టించిన మెత్త.