ముందు పళ్ళు, వెనక పళ్ళు

హేమలత నాలుక మామూలు నాలుక కాదని మొదట పసిగట్టింది భాస్కర్ సారు. అనంతగిరి దగ్గర రైతుల సంఘం వాళ్ళ కాఫీ యూనిట్‌లో రుచి చూసే గదికి ఆయనే పెద్ద. గింజలు ఏరడానికి వచ్చిన హేమలత ఓ రోజు ఒక బస్తా దగ్గర ఆగి, "ఇది వానకి తడిసి ఆరింది సారూ, గోనెసంచి వాసనేత్తంది" అంది. వేయించి, కాచి చూస్తే ఆ పిల్ల మాటే నిజమైంది. ఆ వారమే ఆయన ఆమెను శిక్షణలో చేర్చుకున్నాడు. నేర్చుకునేవాళ్ళు ఆరుగురు. మూడు నెలల తర్వాత పరీక్ష. నెగ్గిన ఇద్దరికి యూనిట్‌లోనే ఉద్యోగం.

పని చూడ్డానికి తేలికే. వరసగా పెట్టిన కప్పుల్లో కాఫీ పొడి మీద వేడినీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగాలి. పైన కట్టిన తెట్టుని చెంచాతో తొలగించి వాసన చూడాలి. తర్వాత చెంచాడు కాఫీని చప్పుడయ్యేట్టు జుర్రి, నోరంతా తిప్పి ఉమ్మేసి, మార్కులు వెయ్యాలి. ఆ జుర్రడానికి మొదటివారం హేమలత సిగ్గుతో చచ్చిపోయింది. రెండోవారానికి గదిలో ఆమె చప్పుడే పెద్దది.

అంతా బాగానే సాగుతుండగా ఒక ఫొటో వచ్చి పడింది. సంఘం వాళ్ళు పోస్టరు వేయిస్తామని ఆరుగురినీ కాఫీ మొక్కల మధ్య నిలబెట్టారు. ఆ ఆరుగురిలో ఒకతె, విశాఖ నుంచి వచ్చిన భానుశ్రీ హేమలత చెవిలో, "నోరు మూసుకుని నవ్వు, ఫొటో బాగా వస్తుంది" అంది. మంచికే అంది, వెంటనే మరిచిపోయింది కూడా. హేమలత మాత్రం మరవలేదు. ఆమె ముందు పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ టీ రంగు మచ్చలున్నాయి. ఊళ్ళో ఎవరూ వాటి ఊసెత్తలేదు. ఎత్తకపోవడం వల్ల లేవనుకుంది కాబోలు. ఆ రోజు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే మచ్చలు తప్ప మొహం కనబడలేదు.

అరకు సంతలో వెతికి వెతికి అన్నిటికంటే గట్టి బ్రష్ కొంది. పొద్దున ఎనిమిది నిమిషాలు, సాయంత్రం ఎనిమిది నిమిషాలు. పిడికిలి బిగించి, పెదవులు వెనక్కి లాగి, రంపంతో కోసినట్టు అటూ ఇటూ తోమేది. నురగ గులాబీ రంగులో పడితే, మురికి పోతోంది కదా అనుకుని సంతోషించేది.

వాకిట్లో కూర్చుని వేలితో గుడాకు రుద్దుకుంటున్న నాయనమ్మ యర్రమ్మ చూసి చూసి అంది: "ఏటే గుంటా, పళ్ళు తోంతన్నావా, మాడిన గిన్నె తోంతన్నావా?"

"నీ పొగాకు ముద్దకంటే నయమే నాయనమ్మా!"

"నయమే గానీ, ఆ రగతమేటి?"

హేమలత గబగబా పుక్కిలించి లోపలికి పోయింది.

నెల తిరిగేసరికి మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి, చిగుళ్ళు మాత్రం వెనక్కి జరిగాయి. ఒకనాడు పుల్లటి కాఫీ చెంచాడు జుర్రగానే ముందు పళ్ళలోంచి కణత దాకా జివ్వున లాగింది. చెంచా జారి బల్ల మీద పడింది. అప్పటి నుంచి ఆమె కాఫీ చల్లారేదాకా ఆగడం, ఒక బుగ్గనే తిప్పి ఉమ్మేయడం, మిగతాది ఊహించి మార్కులు వెయ్యడం మొదలుపెట్టింది. సారు అడిగితే జలుబంది.

భాస్కర్ సారు పాతికేళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి. ఒక రోజు ఒకే కాఫీని రెండు కప్పుల్లో పోసి పెట్టాడు. హేమలత ఒకదానికి ఎనభై నాలుగు, ఇంకోదానికి డెబ్బై ఆరు వేసింది. అందరూ వెళ్ళాక ఆయన ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు.

"ఇది జలుబు కాదు. నువ్వు తాగకుండానే రాస్తున్నావు. ఎందుకో చెప్పు."

తిడితే ఓర్చుకునేదేమో. ఆయన గొంతులో కోపం లేకపోయేసరికి ఏడుపొచ్చేసింది. ఫొటో దగ్గర నుంచి గట్టి బ్రష్ దాకా అంతా చెప్పేసింది. "పరీచ్చకి నెల్లాళ్ళే ఉంది సారూ. నన్ను తీసేత్తారా?"

"పళ్ళు జివ్వుమంటే తీసేస్తారా ఎవరైనా? రేపు సెలవు. అరకు ఆసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ ఉంటుంది, వెళ్ళిరా."

మర్నాడు జీపులో అరకు వెళ్ళింది. డాక్టర్ స్వర్ణ ఆమె నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత ఒక కొత్త బ్రష్ చేతికిచ్చి, "నువ్వు రోజూ ఎలా తోముతావో చూపించు" అంది. హేమలత పిడికిలి బిగించింది. రెండుసార్లు లాగేలోపే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఎంతసేపు?"

"ఎనిమిది నిమిషాలండి."

"ఎనిమిది నిమిషాలూ ముందు పళ్ళే కదా?" డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి, ఎదురుగా ఇంకో అద్దం పట్టుకుంది. "ఇదిగో, కింద దవడ లోపలివైపు చూడు. పాచి గట్టిపడి రాయిలా ఉంది. ఇక్కడికి నీ బ్రష్ ఎప్పుడూ రాలేదు. ఫొటోలో పడే పళ్ళని అరగదీశావు, అన్నం నమిలే పళ్ళని గాలికొదిలేశావు."

హేమలతకి మొహం ఎత్తబుద్ధి కాలేదు. "మరి ఆ మచ్చలు?"

"అవి పంటిలోనే ఉన్నాయమ్మా, పైన అంటుకున్నవి కావు. తోమితే పోవు. పోగొట్టే వైద్యం వేరే ఉంది, కావాలంటే తర్వాత ఆలోచిద్దాం. అవి ఉన్నా నీ పన్ను గట్టిదే. ముందు చిగుళ్ళని కాపాడుకో. జరిగిన చిగురు మళ్ళీ మొదటిచోటికి రాదు, కానీ ఇక్కడితో ఆపొచ్చు."

గట్టిపడ్డ పాచి తీసేశాక మెత్తటి బ్రష్ ఇచ్చి నేర్పింది. పిడికిలితో కాదు, పెన్ను పట్టినట్టు వేళ్ళతో పట్టుకోవాలి. పన్నూ చిగురూ కలిసేచోట కాస్త వాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. ఎంత నొక్కాలో తెలియడానికి ముందు బొటనవేలి గోరు మీద రుద్దించింది. "గోరు తెల్లబడితే ఎక్కువ నొక్కినట్టు." నోటిని నాలుగు భాగాలు చేసుకుని ఒక్కోదానికి అర నిమిషం, బయట, లోపల, నమిలేచోట. రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు, అంతే. జివ్వుమనకుండా ఒక పేస్టు రాసిచ్చింది. "రెండు మూడు వారాలు పడుతుంది, కంగారు పడకు."

మొదటి సాయంత్రం ఫోన్లో రెండు నిమిషాలు పెట్టుకుని మొదలుపెట్టిన హేమలతకి మనసొప్పలేదు. నొక్కకపోతే తోమినట్టే లేదు. చెయ్యి దానంతట అదే బిగుసుకుంటే మళ్ళీ వేళ్ళు సవరించుకునేది. లోపలివైపు పళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి బ్రష్ దారి తెలియక తడబడేది. ఇన్నేళ్ళుగా తన నోట్లోనే ఉన్న పళ్ళు, వాటి పరిచయం ఇప్పుడే అవుతోంది. నాలుగో రోజుకి నురగ తెల్లగా పడింది. పదో రోజున వెనక పళ్ళని నాలుకతో తడిమితే కడిగిన పళ్ళెంలా నున్నగా తగిలాయి. అప్పుడనిపించింది, ఎవరికీ కనబడని శుభ్రం కూడా శుభ్రమేనని.

శిక్షణలో ఇప్పుడు దాపరికం లేదు. జివ్వుమంటే చెప్పేది, సారు ఆ కప్పుని పక్కన పెట్టేవాడు. పద్దెనిమిదో రోజున పుల్లటి కాఫీ చెంచాడు నిండుగా జుర్రి, భయంభయంగా ఆగింది. పళ్ళకి కొద్దిగా జివ్వుమంది, అంతే. దాని వెనకే నారింజ తొక్క వాసన, అడుగున బెల్లప్పాకం లాంటి తీపి. నెల రోజుల తర్వాత ఊళ్ళోకొచ్చిన చుట్టంలా రుచి నోరంతా తిరిగింది. ఆ పూట ఆమె ఆ కప్పు వదలలేదు.

పరీక్షనాడు మూడేసి కప్పుల వరసలు ఎనిమిది పెట్టారు. ప్రతి వరసలో రెండు ఒకే కాఫీ, ఒకటి వేరు. ఆ వేరేది కనిపెట్టాలి. హేమలత తెల్లారగట్లే రెండు నిమిషాలు తోముకుంది, పేస్టు రుచి నాలుక మీద మిగలకూడదని. ఎనిమిదింట్లో ఏడు సరిగ్గా చెప్పింది. ఎనిమిదింటికి ఎనిమిదీ చెప్పి భానుశ్రీ మొదట నిలిచింది. రెండో ఉద్యోగం హేమలతది. భానుశ్రీ పరుగున వచ్చి కావలించుకుంటే ఇద్దరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వారు.

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే నాయనమ్మ మనవరాలి తల నిమిరింది. తర్వాత గుడాకు డబ్బాని చేత్తో పక్కకి తోసింది.

"నా సిగురు కాడ ఓ తెల్లమచ్చ లేసింది గుంటా. రెండు నెల్లయింది. కారం తగిల్తే మంటెత్తిపోతంది. నీ గొడవలో నువ్వుంటే చెప్పనేదు. ఆ డాక్టరమ్మ కాడికి నన్నూ తీసుకెల్తావేటి?"

హేమలత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపే ఎల్దాం నాయనమ్మా."

డాక్టర్ స్వర్ణ ముసలమ్మ నోరు వేలితో మెల్లగా తడిమి చూసింది. "పొగాకు వల్లే వచ్చింది. ఇవాళ్టి నుంచి గుడాకు మానెయ్యాలి. మానేస్తే చాలామందికి తగ్గుతుంది. రెండు వారాల్లో మళ్ళీ చూస్తాను. తగ్గకపోతే విశాఖ పంపిస్తాను, నేనే రాసిస్తాను. సమయానికి వచ్చావు మామ్మా, మంచి పని చేశావు."

"మానేత్తానమ్మా," అంది యర్రమ్మ. "మరి పొద్దున్నే నా ఏలు ఊరుకోదు కదా, దానికేటి సెయ్యాల?"

డాక్టరమ్మ నవ్వి సొరుగులోంచి మెత్తటి బ్రష్ తీసి హేమలతకి అందించింది. హేమలత నాయనమ్మ పక్కన కూర్చుని, ఆ ముడతల వేళ్ళని ఒక్కొక్కటే బ్రష్ చుట్టూ సర్దింది.