పెద్దక్క కట్టిన వాసెన

కోసిన మామిడికాయ చెక్కను ఎడమచేత పట్టి, బొటనవేలి గోటితో లోపలి జీడిని పెకలించి, అంటుకున్న పొరను గుడ్డతో తుడిచి గంపలో వేసింది పెద్దక్క. వెంటనే ఇంకొకటి అందుకుంది. కదిరి బజారు వెనక సందులో, రామసుబ్బమ్మ ఇంటి పెరట్లో, రేకుల కొట్టం కింద పొద్దున్నుంచీ ఇదే పని. మామూలుగానైతే ఈ వేళకు ఆమె పెద్ద బేసిను ముందు కూర్చుని, మోచేతుల దాకా ఉప్పూ కారం కలుపుతూ ఉండాలి. రామసుబ్బమ్మ ఊరగాయల వ్యాపారంలో కలిపే చెయ్యి పెద్దక్కదే. ఇవాళ మాత్రం వచ్చీ రాగానే చెక్కలు తుడిచే మూలకు చేరింది.

"వేలు తెగినాదమ్మా. కారంలో పెడితే మండుతాది" అని చెప్పింది. వేలికి ఒక గుడ్డపీలిక కూడా చుట్టుకుని వచ్చింది. పీలిక కింద వేలు నిక్షేపంగా ఉంది. బాగాలేనిది వేలు కాదు.

తెల్లవారి చీర మార్చుకుంటుంటే లోపావడా మీద మళ్ళీ ఆ నెత్తుటి మరక కనిపించింది. మొదటిసారి ఉగాది ముందర కనిపించింది. అప్పుడు జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు మామిడికాయల రోజులు. ఈ రోజుల్లో జ్వరమంటే రామసుబ్బమ్మ ఆటో ఎక్కి ఇంటికే వచ్చి నుదురు పట్టి చూస్తుంది. ముట్టు నిలిచిపోయి ఎన్నో ఏండ్లయ్యాక, మనవరాలు పెద్దమనిషి అయ్యే వేళకు, తనకిదేమి విడ్డూరమో పెద్దక్కకు అర్థం కాలేదు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. అడక్కుండా ఉందామంటే భయం. ఉప్పు పడేదాకా అది వట్టి మామిడికాయే, ఉప్పు పడ్డాకే కదా ఊరగాయ అయ్యేది, అందాకా తాకితే తప్పులేదని తనకు తానే సర్దిచెప్పుకుని చెక్కలు తుడుస్తోంది.

ఆ భయానికి కారణం ఉంది. రామసుబ్బమ్మ పెరట్లో పని దొరకాలంటే ఒకటే అర్హత, ముట్లుడిగి ఉండాలి. ముట్టుదినాల్లో ఆడమనిషి చెయ్యి పడితే ఊరగాయ బూజు పడుతుందని ఆమెకు వాళ్ళత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్ళత్త చెప్పింది. పనికి వచ్చినామెను పేరడిగేది, ఊరడిగేది, తర్వాత గొంతు తగ్గించి "నిలిచిపోయినాదా?" అని అడిగేది. ఆధార్ కార్డు కూడా అడిగేది కాదు. లోకంలో ఎక్కడైనా వయసు మీరితే పనిలోంచి పంపేస్తారు. ఈ పెరట్లో మాత్రం వయసు మీరితేనే లోపలికి రానిస్తారు.

పెద్దక్కకు ఆ అర్హత ఊరికే రాలేదు. నలభై దాటి కొన్నేండ్లయ్యాక ఒకనాడు వేరుశనగ చేలో కలుపు తీస్తుండగా పొట్టలోంచి పొయ్యి రాజుకున్నట్టు వేడి లేచి మెడకూ ముఖానికీ ఎక్కింది. చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకున్నా ఆరలేదు. భర్త రంగన్న "ఎండ" అన్నాడు. ఈ సీమలో ఏ బాధ చెప్పుకున్నా ఎండ మీదికే తోస్తారు, పాపం ఎండ కూడా కాదనదు. కానీ చలికాలంలో, కోడి కూయకముందే రవిక చెమటతో తడిసిపోతే, ఆ ఎండ ఎక్కణ్ణుంచి వచ్చిందో రంగన్న చెప్పలేకపోయాడు. నిద్ర పోయింది. ఊరికే కోపం వచ్చేది, ఊరికే ఏడుపు వచ్చేది. ఒకసారి సంగటి కుండను వాకిట్లో పగలగొట్టి, పెంకులు ఏరుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. నెల తప్పితే ఈ వయసులో కడుపేమోనని సిగ్గుతో చచ్చిపోయింది. తప్పిన నెలల తర్వాత వచ్చిందంటే మంచం దిగనిచ్చేది కాదు. గాలి సోకిందని ఒకామె అన్నది. గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని ఇంకొకామె అన్నది. ఇది ఆడపుట్టుక పుట్టిన అందరికీ వచ్చేదేనని, ఇదీ దీని దారి అని, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

చివరికి పూర్తిగా నిలిచిపోయింది. అప్పటికే ఊరగాయల పనికి పోతున్న పక్కింటి చెన్నమ్మ ఆ కబురు విని ఆమెను ఇక్కడికి పిలుచుకొచ్చింది. ఒంట్లోంచి ఒకటి పోయినందుకు పెద్దక్కకు నీడపట్టున పని దొరికింది. పొడుగాటి మనిషి, చేలల్లో వంగి వంగి నడుము కొంచెం ముందుకు ఒరిగింది. అరచేతుల్లో ఇప్పుడు కారపు ఎరుపు ఎంత కడిగినా పోదు. హిందూపురం నుంచి వచ్చేవాళ్ళు "పెద్దక్క కలిపిన జాడీ ఇవ్వండమ్మా" అని అడిగి తీసుకుపోతారు. నీ చెయ్యి మంచిది అని ఎవరైనా తనను అనడం ఆమె బతుకులో అదే మొదలు. ఆ మాట పోగొట్టుకోవడం ఆమెకు చావంత పని.

"ఏమే పెద్దక్కా, వేలు చూపీ" అంది రామసుబ్బమ్మ, మెంతిపొడి జల్లిస్తూనే. "పసుపు పెట్టినావా?"

"పెట్టినానమ్మా. రేపటికి మానుతాది."

"రేపటికి మానకుంటే ఈ కాయలన్నీ ఎవరు కలపల్ల? నేనా?"

పెద్దక్క తల వంచుకుంది. అంతలో వీధి తలుపు తోసుకుని కల్పన వచ్చింది. ఆ పేటకు నర్సు. భుజాన సంచి, సంచిలో బీపీ మిషను, మాత్రల డబ్బాలు. వస్తూనే చెన్నమ్మ ముందు ఆగిపోయింది. చెన్నమ్మ ముంజేతికి కట్టు వేసుకుని, ఒంటిచేత్తో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఎట్ల విరిగినాది అవ్వా?"

"పడిందీ లేదు, గిడిందీ లేదు పాపా. గడప దాటుతా చెయ్యి ఆనించినా. పటుక్కుమన్యాది."

కల్పన పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "ముట్టు నిలిచినాక ఎముకల్లో బలం కొద్దికొద్దిగా పోతాదవ్వా. బయటికి తెలీదు. గుండెకు గూడా ముందుండిన కాపుదల ఉండదు, బీపీ పెరుగుతాది. మీరేమో నిలిచిపోయినాది, పీడ వదిలినాది అనుకుంటారు. ఆ పొద్దు నుంచే ఒళ్ళు చూసుకోవల్ల."

"దినామూ రాగిసంగటే తింటాండాం. ఇంగేం బలం గావల్ల?"

"సంగటి మంచిదే. పోయినసారి ఎముకలకని మాత్రలిచ్చినా కదా, ఏం జేసినావు?"

"మా మేకకు కాలు విరిగితే దానికేసినా" అంది చెన్నమ్మ. "అది లేచి తిరుగుతాండాది."

పెరడంతా నవ్వింది. రామసుబ్బమ్మ కూడా జల్లెడ పక్కన పెట్టి నవ్వింది. ఆ నవ్వుల సందట్లోనే పెద్దక్క చేతికి కల్పన బీపీ పట్టీ చుట్టింది. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది పెద్దక్కకు.

"పాపా, మా ఆడబిడ్డ గాండ్లపెంటలో ఉండాది. ఆయమ్మకు నిలిచిపోయి శానా ఏండ్లాయ. ఇప్పుడు మళ్ళా కనపడతాండాదంట. పోయిన ముట్టు మళ్ళా వస్తాదా?"

కల్పన చేతిలోని రబ్బరు బుడ్డ పిసకడం ఆపేసింది.

"రాదు పెద్దక్కా. అది ముట్టు కాదు. నిలిచి ఏడాది దాటినాక ఒక్క మరక కనపడినా అది ముట్టు కాదు. చిన్న సంగతే అయ్యుండొచ్చు, గర్భసంచిలో పెద్ద రోగమన్నా ఉండొచ్చు. చూస్తేనే తెలిసేది. రేపే ఆస్పత్రికి పిల్చుకొని రా. తొందరగా చూపిస్తే నయమైతాది. నొప్పి లేదు కదా అని ఊరికే ఉండొద్దని చెప్పు."

"ముట్టు కాదంటావు."

"కానే కాదు."

"చెప్తాలే పాపా" అంది పెద్దక్క.

కల్పన అందరికీ బీపీ చూసి, చెన్నమ్మ చేతిలో మళ్ళీ మాత్రల డబ్బా పెట్టి, మేకకు వేయొద్దని బెదిరించి వెళ్ళిపోయింది. పెద్దక్క మామిడి చెక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నర్సు చెప్పినదాంట్లో సగం ఆమె చెవిలో మోగుతోంది. ముట్టు కాదు. కానే కాదు. కాకపోతే అంటు లేదు. అంటు లేకపోతే తన చేతికి ఏ దోషమూ లేదు. పొద్దున్నుంచీ గుండె మీద ఉన్న బండ ఎవరో దించినట్టు అనిపించింది. రెండో సగం కూడా వినిపించింది, వినిపించలేదని కాదు. కానీ రోగమంటే నొప్పి ఉండాలి, జ్వరం ఉండాలి, అన్నం సయించకుండా ఉండాలి. తను పొద్దున ఇంత సంగటి ముద్ద తిని, ఆటో దాకా గబగబా నడిచి వచ్చింది. ఆస్పత్రికి పోతే ఊరంతా తెలుస్తుంది, రామసుబ్బమ్మకు తెలుస్తుంది. మామిడికాయలు ఉండేది ఎన్నాళ్ళు? అవి అయిపోయాక పోవచ్చు.

అయినా ఆమెకు తెగడం లేదు. నర్సు చదువుకున్న పిల్ల, అబద్ధం చెప్పదు. రామసుబ్బమ్మ వాళ్ళత్త మాట అంతకన్నా పాతది, అదీ అబద్ధమని ఎట్లా అనుకోవడం? ఏది నమ్మాలో తెలియక మనసు అటూ ఇటూ లాగింది. చివరికి ఈ తగవు ఊరగాయే తీర్చాలని తోచింది.

అన్నం వేళ అందరూ బయటి అరుగు మీదికి పోయినప్పుడు, చెవి విరిగిన ఒక చిన్న జాడీని కడిగి ఎండలో ఆరబెట్టింది. పనివాళ్ళు ఇంటికి తీసుకుపోవడానికి వదిలేసే నలిగిన చెక్కలు కొన్ని ఏరుకుంది. వేలి పీలిక విప్పి పారేసి, కారం, ఆవపొడి, మెంతిపొడి, వేరుశనగ నూనె పోసి కలిపింది. ఉప్పు ఒక పిడికెడు వేసింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకో పిడికెడు వేసింది. ఎందుకు వేసిందో అడిగినా చెప్పలేకపోయేది. తన పాత ఆకుపచ్చ చీర చెంగులోంచి ఒక ముక్క చించి జాడీ మూతికి వాసెన కట్టింది. వాసెన గుడ్డకు ఆమె వేసేది వేరుశనగ మూటలకు వేసే ముడి. ఒక కొస లాగితే బిగుస్తుంది, ఇంకో కొస లాగితే విడిపోతుంది. ఆ ముడి ఆ పెరట్లో ఇంకెవరికీ రాదు.

"అదెవరికే?" అంది రామసుబ్బమ్మ లోపలికి వస్తూ.

"మా ఇంటికమ్మా. మా ఇంట్లో ఎలుకలు ఎక్కువ. కొన్నాళ్ళు ఈడే పెట్టుకుంటా." చెప్పి, మూల అరలో పెద్ద జాడీల వెనకకు తోసింది.

మూడోనాడు తిరగకలిపే వేళకు ఆమె జాడీని బయటికి లాగింది. వాసెన విప్పింది. పైన నూనె ఎర్రగా తేటగా తేలి ఉంది. తెల్లని చుక్క ఎక్కడా లేదు. అంత ఉప్పులో మూడునాళ్ళకే బూజు పట్టడానికి దానికేం పని? పెద్దక్క ఆ సంగతి ఆలోచించలేదు. ముఖం విప్పారిపోయింది. మళ్ళీ ముడి వేసి జాడీని లోపలికి తోసి, పెద్ద బేసిను దగ్గరికి పోయి రెండు చేతులూ కారంలో ముంచింది. అప్పుడెవరైనా ఆ చేతులు పట్టుకుని లేపి ఉంటే ఎంత బాగుండేది! లేపేవాళ్ళు లేరు. "వేలు మానినట్టుండాదే" అని రామసుబ్బమ్మ సంతోషపడింది.

మామిడికాయలు అయిపోయి నిమ్మకాయలు వచ్చాయి. నిమ్మకాయల తర్వాత పండుమిరపకాయలు. మరక కనిపించినప్పుడల్లా పెద్దక్క చిన్న జాడీ వాసెన విప్పి చూసేది. అందులో ఏమీ లేదు. కాబట్టి తనలోనూ ఏమీ లేదు. కల్పన ఒకసారి గుర్తుపెట్టుకుని అడిగింది కూడా, మీ ఆడబిడ్డ చూపించుకుందా అని. "చూపించుకున్యాదంట. ఏం లేదన్యారంట" అంది పెద్దక్క. చలికాలం మొదట్లో నడుము నొప్పి పట్టుకుంది. కాళ్ళు నీరు పట్టాయి. ఒకనాడు బేసిను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. అనంతపురం పెద్దాస్పత్రిలో చూసి, రోగం గర్భసంచి దాటి పాకిపోయిందని రంగన్నకు చెప్పారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగారు. అతనికి అసలు ఏమీ తెలియదు.

ఇంటికి తెచ్చాక కల్పన చూడటానికి వచ్చింది. పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వే అంటివి కదా పాపా, ముట్టు కాదని. జాడీ గూడా బూజు పట్టల్యా. ఇంగ ఇదేమిటికొచ్చినట్టు?"

కల్పనకు మొదట అర్థం కాలేదు, జాడీ సంగతంతా అడిగి తెలుసుకుంది. అర్థమయ్యాక తల తిప్పుకుని ఏడ్చింది. మామిడి పూత వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, రంగన్న మంచినీళ్ళు ముంచుకు రావడానికి కడవ దగ్గరికి పోయి వచ్చేసరికి పెద్దక్క లేదు. నీళ్ళ చెంబు మంచం పక్కన పెట్టి, అతను చాలాసేపు విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు.

కొత్త కాయలు వచ్చే ముందర కల్పన రామసుబ్బమ్మకు అంతా చెప్పింది. ఆడబిడ్డ లేదని, ఆ మరకలు పెద్దక్కవేనని, చిన్న జాడీ సంగతి కూడా చెప్పింది. రామసుబ్బమ్మ లేచింది. కొట్టంలోకి పోయి, పోయిన ఏటి జాడీల ముందు నిలబడింది. పడిపోయేదాకా అన్నీ పెద్దక్కే కలిపింది. ఒక్కటీ చెడలేదు. వాళ్ళత్త చెప్పిన మాటనూ, తను ఇన్నేండ్లు తలుపు దగ్గర అడిగిన ప్రశ్ననూ ఏమనుకోవాలో ఆమెకు ఒక్కసారిగా ఎటూ తోచలేదు. మూల అరలోంచి చిన్న జాడీని బయటికి లాగింది. ఏ కొస లాగాలో తెలియక తంటాలు పడి, ఎలాగో విప్పింది. నూనె తేటగా ఉంది. వేలితో తీసి నాలుక మీద వేసుకుంటే కటిక ఉప్పు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఉప్పుకో, మరి దేనికో ఆమెకే తెలియదు.

తిరిగి కట్టడానికి చాలాసార్లు చూసింది. ఆ ముడి ఆమెకు పడలేదు. అరల్లోని పెద్ద జాడీలన్నీ పెద్దక్క ముడులతో బిగిసి ఉంటే, చెవి విరిగిన ఆ చిన్న జాడీ ఒక్కటే ఆకుపచ్చ చెంగు ముక్కను మెడకు వేలాడేసుకుని, మూతి తెరుచుకుని ఉండిపోయింది.