అక్కకు వినిపించిన స్వరం

నాటకానికి ఫ్యాక్టరీ సైరన్ కావాలన్నాడు దర్శకుడు. రికార్డు చేసింది పనికిరాదు, సీను నడుస్తుండగా చేత్తో పెంచి తగ్గించేలా ఉండాలన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ బృందానికి సౌండు చూస్తున్న అతనికి అదో పెద్ద పని కాదు. చవగ్గా దొరికే పద్నాలుగు కాళ్ళ లాజిక్ చిప్పొకటి తెచ్చాడు. దానికొక కెపాసిటరు, ఒక నాబు తగిలిస్తే చాలు, అవుననీ కాదనీ తనతో తానే పోట్లాడుకుంటూ కూత పెడుతుంది. ఒక్క చిప్పులో అలాంటి కూతలు ఆరు చేసుకోవచ్చు.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద సరంజామా పరిచాడు. మొదటి స్వరం తుమ్మెదలా రొద పెట్టింది. రెండోది జలుబు చేసిన మనిషి మూలిగినట్టు పలికింది. రెండూ కలిస్తే సైరనుకు దగ్గరగానే ఉంది. హుషారొచ్చి, ఆ రెండూ ఆపి, మూడోదానికి, కూత ఇంకా సన్నగా రావాలని, బాగా చిన్న కెపాసిటరు పెట్టి నాబు తిప్పాడు. స్వరం సన్నబడుతూ కీచుమని పైకి పోయి, ఠక్కున ఆగిపోయింది.

చిప్పు కాలిందేమోనని వేలు పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. బ్యాటరీ మార్చాడు. పాత డబ్బాలో దొరికిన ఇంకో చిప్పు గుచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. చివరికి, సెకనుకెన్ని కంపనాలో చూపే మీటరు తగిలిస్తే అంకెలు ఆరు వేల దగ్గర ఆడుతున్నాయి.

అంటే పలుకుతోంది.

అంతలో పక్కగదిలోంచి అక్క చెవులు మూసుకుని వచ్చింది.

“ఒరేయ్, దాని పీక నొక్కుతావా లేదా? పావుగంట నుంచి పళ్ళు జివ్వుమంటున్నాయి!”

“ఇప్పుడు కూడా వస్తోందా?”

“చెవిలో సూది పెట్టి తిప్పుతున్నట్టుంటే, వస్తోందా అంటావేంట్రా! నీకు వినపడట్లేదా?”

“ఎందుకు వినపడదూ” అంటూ స్విచ్చు ఆపేశాడు. అక్క అతని కంటే తొమ్మిదేళ్ళు పెద్దది. వయసని సరిపెట్టుకోవడానికీ లేదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. గదిలో తలుపు వేసుకుని తాళాలగుత్తి ఒక్కో చెవి దగ్గరా ఆడించి చూసుకున్నాడు. ఎడమవైపు ఆ గలగల మూటలో కట్టినట్టుంది. అక్క వెనక నుంచి పిలిస్తే చాలు, ఇది ఎన్నోసారి పిలవడమో అని ఉలిక్కిపడేవాడు. సైరన్ అదిరిందని దర్శకుడు భుజం తట్టాడు. అతనికి మాత్రం ఒకటే అనుమానం. తను విన్నదీ ఈయన విన్నదీ ఒకటేనా? చెవులు పోతే తనకు చేతనైన పని ఇంకేముంది?

నాలుగోరోజు అక్కే నిలదీసింది. “నిజం చెప్పు. ఆ కూత నీకు వినపడలేదు కదూ?”

అవునన్నట్టు తలాడించాడు.

“పద డాక్టరు దగ్గరికి.”

“వద్దక్కా. కాగితం మీద రాసిచ్చారంటే నా పని అయిపోయినట్టే.”

“రాయకపోతే వినపడుతుందేంట్రా?”

డాక్టరమ్మ అతన్ని బీరువాలాంటి గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. లోపల అంతా నిశ్శబ్దం. ఎక్కడ తప్పిపోతుందోనని బెదిరి వరసగా నొక్కేశాడు.

“వినపడనప్పుడు కూడా నొక్కుతున్నారు. మళ్ళీ మొదలుపెడదాం” అందామె మెల్లగా.

చివరికి తేలిందిది: పై స్వరాలు దెబ్బతిన్నాయి, ఎడమ చెవిలో ఎక్కువగా. పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలంటే ఇక స్పీకర్ల పక్కన చెవులకు రక్షణ లేకుండా కూర్చోకూడదు.

మర్నాడు రిహార్సల్‌కి ముందు, నాటకంలో ముఖ్యపాత్ర వేసే ఆవిడను పక్కకు పిలిచాడు.

“నాకు... పై స్వరాలు సరిగ్గా వినపడట్లేదమ్మా.”

“అందుకా! రెండు నెలలుగా నా మైకు చెవులు కోసేస్తోందన్నయ్యా. నా మీదేదో కోపం పెట్టుకున్నారనుకున్నా.”

అతనికి తలెత్తబుద్ధి కాలేదు. ఆవిడే కుర్చీ లాక్కుని సౌండు మిక్సర్ ముందు అతని పక్కన కూర్చుంది. తన వెంట వచ్చిన చెల్లెల్ని మైకులో మాట్లాడించి, “పై స్వరాలు తగ్గించండి... ఇంకాస్త... ఆ, చాలు” అంది.

అతనికి ఏ తేడా తెలియలేదు. ఆవిడ చాలన్న చోట పెన్సిలుతో గీత పెట్టాడు.